నిప్పురవ్వకు మూడు కాపలాలు

రాయపూర్ నగరంలో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అనగానే ఛత్తీస్‌గఢ్ ప్రజలకు మొదట స్ఫురించేది దసరా పండుగ. విజయదశమి నాటి రాత్రి అక్కడి మైదానంలో సుమారు నూరడుగుల ఎత్తున నిలబెట్టిన రావణుని బొమ్మకు నిప్పంటించే వేడుకను చూడడానికి జనం వేల సంఖ్యలో కూడుతారు. అది పిలిస్తే వచ్చే నిప్పు. ఎప్పుడు అంటించాలో, ఎంత ఎడంగా నిలబడాలో నిర్వాహకులకు ముందే తెలుసు. ఆ కాలనీకి పేరునిచ్చిన కర్మాగారం పోరాటం మాత్రం పిలవకుండా వచ్చే నిప్పుతో.

డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాపు. బొగ్గు, ఇనుప ఖనిజం, ఉక్కు, సిమెంటు, ధాన్యం మోసి మోసి అలసిన గూడ్సు వ్యాగన్లను విప్పి, అరిగిన భాగాలను మార్చి, మళ్ళీ పట్టాలకెక్కించే చోటు అది. రాయపూర్‌కు తెలుగు ప్రాంతంతో రైలు బంధం చిరకాలపుది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1931లో విజయనగరం, పార్వతీపురాల మీదుగా రాయపూర్ వరకు మార్గాన్ని పూర్తి చేసింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే పనికి తరలివెళ్ళి, అక్కడే స్థిరపడ్డాయి. 1955లో ఆ మార్గం ఆగ్నేయ రైల్వేలో భాగమైంది. 2003 నుంచి బిలాసపూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే పనిచేస్తున్నది. యాజమాన్యం పేర్లు మారినా, సుత్తి, స్పానరు పట్టిన చేతులు అనేకం ఆ కుటుంబాలవే.

ఛత్తీస్‌గఢ్‌కు వరి భాండారమని పేరు. పంట కోతలు ముగిసిన తర్వాత రైలు పట్టాల కిరువైపులా ఎండు దుబ్బులు, గడ్డివాములు, కళ్ళాలు కనిపిస్తాయి. ఇంకొంత దూరం పోతే సాలవృక్షాల అడవులు, రాలిన ఆకుల మేటలు. మార్చి నుంచి మే వరకు వడగాలి వీచే వేళ ఆ గడ్డికి కావలసింది ఒక్క రవ్వ. అది ఇంజను నుంచి రావచ్చును, చక్రం నుంచి రావచ్చును, ప్రయాణికుడు విసిరిన బీడీ ముక్క నుంచీ రావచ్చును. రైలు మాత్రం ఆగదు. పది నిమిషాల తర్వాత గడ్డి భగ్గుమనే సరికి అది పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అందువల్ల రైలుదారి మంటలను ఆర్పడం కంటె అసలు పుట్టకుండా చూడడమే పని. నూట తొంభై ఏళ్ళ రైల్వే అనుభవం అందుకు మూడు కాపలాలను నేర్పింది. రవ్వ పుట్టే చోట ఒకటి, అది బయటికి ఎగిరే చోట ఒకటి, వచ్చి వాలే చోట ఒకటి.

ఊపిరిలోనే నిప్పు

ఆవిరి ఇంజనులో ఊపిరీ, నిప్పురవ్వా ఒకే చోట పుట్టేవి. సిలిండర్లలో పని ముగించుకున్న ఆవిరిని వృథాగా వదలక, పొగపెట్టెలో అమర్చిన ఒక గొట్టం ద్వారా పొగగొట్టంలోకి వేగంగా చిమ్మించేవారు. ఆ చిమ్ము తనతో పాటు పొగను లాగుకొని పోయేది. అప్పుడు పొగపెట్టెలో ఏర్పడిన వెలితిని పూరించడానికి కొలిమిలోకి కొత్త గాలి దూసుకువచ్చి బొగ్గును మరింత మండించేది. ఇంజను ఎంత కష్టపడితే ఈ లాగుడు అంత పెరిగేది. బరువైన గూడ్సు ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించిన ఆ "ఛుక్ ఛుక్" ధ్వని ఈ ఊపిరిదే.

లాగుడు మితిమీరినప్పుడు చిన్న చిన్న బొగ్గు తునకలు కొలిమి నుంచి లేచి, గొట్టాల గుండా కొట్టుకొనివచ్చి, మండుతూనే ఆకాశంలోకి ఎగిరేవి. రాత్రివేళ చూసేవారికి అది మతాబుల వెలుగు, గడ్డివాము గల రైతుకు గుండెదడ. పైనుంచి వచ్చేవి ఇవి కాగా, కింద బూడిద పళ్ళెం తలుపు సరిగా మూసుకోకపోతే కణకణలాడే బొగ్గులు చెక్క స్లీపర్లపైనా, పొడి గడ్డిపైనా రాలేవి.

నిప్పురవ్వ స్వభావంలో ఒక చిత్రం ఉన్నది. ఆవగింజంత రవ్వ ఎర్రగా కాలుతూ ఎంతో వేడిగా ఉండవచ్చును. కాని అందులో నిలువ ఉన్న ఉష్ణం స్వల్పం. గాలిలో క్షణకాలం ఎగిరేసరికి అది చల్లారిపోతుంది. అదే రవ్వ అడ్డుకొలత రెండింతలైతే దాని బరువు ఎనిమిదింతలవుతుంది. దాచుకున్న వేడి కూడా అదే లెక్కన పెరుగుతుంది. అటువంటిది నేలను తాకిన తర్వాత కూడా గడ్డిపోచను అంటించగలదు. కనుక ప్రతి రవ్వనూ పట్టి ఉంచనవసరం లేదు. పెద్దదాన్ని చిన్నది చేస్తే చాలు, మిగిలిన పని గాలి చేస్తుంది. రవ్వలను ఆపే సాధనాలన్నిటికీ ఇదే మూలసూత్రం.

జల్లెడ పెట్టినవారు, తీసినవారు

అమెరికాలో తొలినాటి ఇంజన్లు కట్టెలు కాల్చేవి. కట్టెబొగ్గు తేలిక, రవ్వలు అధికం. అందుకే 1830ల నుంచి అక్కడి ఇంజన్లకు బానపొట్ట వంటి వెడల్పైన పొగగొట్టాలు వచ్చాయి. పొగ ఆ పొట్టలో సుడులు తిరిగి వేగం తగ్గగా, బరువైన రవ్వలు అడుగున రాలేవి. పైన తీగ జల్లెడ మిగిలినవాటిని పట్టేది. ఈ ఒక్క సమస్యపై పందొమ్మిదవ శతాబ్దంలో వందలకొద్దీ పేటెంట్లు వెలువడ్డాయి. బొగ్గు ఇంజన్ల కాలంలో జల్లెడ పొగపెట్టె లోపలికి చేరింది. పొగను అడ్డుపలకలకు కొట్టించి, వంపులు తిప్పి, తీగవలల గుండా పంపితే పెద్ద తునకలు పగిలి పొడి అయ్యేవి.

అయితే జల్లెడకు ఒక వెల ఉన్నది. కన్నాలు సన్నమైతే మసి పట్టి పూడుకుపోయి, లాగుడు తగ్గి, ఆవిరి చాలక బండి ఎత్తు మీద నిలిచిపోయేది. సమయానికి బండి చేర్చవలసిన సిబ్బందికి ఆ జల్లెడే శత్రువుగా తోచేది. అందువల్ల దాన్ని చించడమో, తొలగించడమో పలు దేశాల్లో జరిగింది. పరికరం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదని, దాన్ని శుభ్రపరచి నిలబెట్టే మనిషి కూడా అందులో భాగమని రైల్వేలు నేర్చుకున్న తొలి పాఠం ఇది.

నష్టం ఎవరి తల మీద?

పొలం కాలిన రైతుకు పరిహారం ఎవరివ్వాలి? ఈ ప్రశ్న న్యాయశాస్త్రానికే ఒక ప్రసిద్ధ ఉదాహరణగా మారింది. వేల్స్‌లో టాఫ్ వేల్ రైల్వే ఇంజను రవ్వల వల్ల వాన్ అనే ఆసామి తోపు కాలిపోయింది. పార్లమెంటు చట్టం అనుమతించిన ఇంజనును తగిన జాగ్రత్తలతో నడిపినప్పుడు, అశ్రద్ధ రుజువైతే తప్ప కంపెనీ బాధ్యురాలు కాదని 1860లో పై కోర్టు తీర్పు చెప్పింది. 1868లో ఫెస్టినియాగ్ రైల్వేపై వచ్చిన కేసులో ఫలితం తిరగబడింది. ఆ కంపెనీకి ఆవిరి ఇంజన్లు నడిపే అధికారం చట్టం ద్వారా లభించలేదు గనుక, జాగ్రత్త తీసుకున్నా నష్టం దానిదేనన్నారు.

ఈ తీర్పుల నీడ తెలుగు నేలపైనా పడింది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ మార్గానికి నష్టం కలిగింది. కంపెనీ దావా వేసింది. చెరువులను నిలిపి ఉంచడం ప్రజాక్షేమం కోసం తరతరాలుగా జమీందారుపై ఉన్న విధి అనీ, అశ్రద్ధ లేనప్పుడు ఆయన బాధ్యుడు కాడనీ 1874లో ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. రైతు ఫిర్యాదు నుంచి రైల్వేను కాపాడిన తర్కమే ఇక్కడ రైల్వే ఫిర్యాదు నుంచి చెరువు యజమానిని కాపాడడం విశేషం.

చివరకు బ్రిటన్ 1905లో రైల్వే మంటల చట్టాన్ని చేసింది. 1908 నుంచి అమలైన ఆ చట్టం ప్రకారం, ఇంజను రవ్వల వల్ల పంటకు గాని సాగుభూమికి గాని నష్టం కలిగితే, చట్టబద్ధమైన అధికారం ఉన్నదనే సాకు చెల్లదు. నూరు పౌనుల వరకు పరిహారం ఇవ్వవలసిందే. అదే చట్టం మరొక మంచి పని చేసింది. మంటను ఆర్పడానికీ, ముందుజాగ్రత్తగా పొదలు నరకడానికీ పక్క భూమిలోకి ప్రవేశించే హక్కును రైల్వేకు ఇచ్చింది. బాధ్యతతో పాటు దాన్ని నెరవేర్చే వీలు కూడా కల్పించడం అందులోని వివేకం.

పట్టాల పక్కన గడ్డి పేర్చుకోవడం రైతు తప్పేనా అన్న ప్రశ్న 1914లో అమెరికా సుప్రీం కోర్టుకు వచ్చింది. లెరాయ్ ఫైబర్ కంపెనీ తన సొంత స్థలంలో పేర్చుకున్న అవిసె గడ్డి మేటలు ఇంజను రవ్వలకు కాలిపోయాయి. తన భూమిని న్యాయంగా వాడుకునేవాడు పక్కవాని అశ్రద్ధను ముందే ఊహించి తప్పుకోవలసిన పని లేదని కోర్టు అన్నది. తర్వాతి కాలంలో పిగూ 1920లోను, రోనాల్డ్ కోస్ 1960లోను ఆర్థికశాస్త్రంలో పెద్ద చర్చకు ఈ రైలు రవ్వనే ఉదాహరణగా తీసుకున్నారు. ఆ చర్చలో నుంచి సామాన్యుడు గ్రహించదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. నష్టాన్ని తక్కువ ఖర్చుతో నివారించగలవారెవరు?

రెండు హెచ్చరికలు

ఆ ప్రశ్నను అలక్ష్యం చేస్తే ఏమవుతుందో 1918 అక్టోబరు 12న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం చూసింది. అది వానలు లేని ఏడు. రైలు మార్గాల వెంట రవ్వల వల్ల రాజుకున్న చిన్న చిన్న మంటలు రోజుల తరబడి పొగలు కక్కుతూనే ఉన్నాయి. ఆ దినం పెనుగాలి లేచి వాటిని ఏకం చేసింది. క్లోకే పట్టణం, మరెన్నో పల్లెలు బూడిదయ్యాయి. 453 మంది మరణించారు. యుద్ధకాలం కావడంతో రైల్వేలు అప్పుడు ప్రభుత్వ నిర్వహణలో ఉన్నాయి. బాధితులకు పూర్తి పరిహారానికి మార్గం ఏర్పడింది 1935లో, అంటే పదిహేడేళ్ళ తర్వాత.

రెండవ హెచ్చరిక ఇటీవలిది. కొలరాడో రాష్ట్రంలో పర్యాటకుల కోసం బొగ్గు ఇంజన్లు నడిపే డురాంగో-సిల్వర్టన్ నారోగేజ్ రైల్వే మార్గం వద్ద 2018 జూన్ 1న మంట రేగి, సుమారు 54,000 ఎకరాలకు వ్యాపించింది. ఇంజను నుంచి ఎగిరిన నిప్పుకణమే కారణమని ఆరోపిస్తూ ఫెడరల్ ప్రభుత్వం 2019లో దావా వేసింది. 2022లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ రైల్వే తన ఇంజన్లను బొగ్గు నుంచి చమురుకు మార్చుకున్నది. మన దేశంలో నీలగిరి కొండ రైలుకు కూడా తిరుచిరాపల్లి సమీపంలోని పొన్మలై కర్మాగారంలో చమురుతో నడిచే ఆవిరి ఇంజన్లను సిద్ధం చేశారు. చమురు మంటలో బొగ్గు తునకలు ఉండవు గనుక అడవిపై రాలేందుకు నిప్పు తునకలూ ఉండవు. రవ్వను పట్టడం కంటె పుట్టనివ్వకపోవడం మేలన్న సూత్రానికి ఇది నిదర్శనం.

డీజిలుకూ తప్పలేదు

భారతదేశపు బ్రాడ్‌గేజ్‌పై ఆవిరి ఇంజన్ల క్రమబద్ధ సేవ 1995 డిసెంబరులో ముగిసింది. అప్పటికే మూడు దశాబ్దాలుగా డీజిలు ఇంజన్లు తిరుగుతున్నాయి. బొగ్గు లేదు గనుక రవ్వ లేదనుకోవడం పొరపాటు. డీజిలు ఇంజను చాలాసేపు బరువు లేకుండా ఊరక తిరుగుతూ నిలిచి ఉంటే, చల్లబడిన సిలిండర్లలో నూనె పూర్తిగా మండదు. ఆ మసి, జిగురు పొగమార్గంలో పొరలు పొరలుగా పేరుకుంటాయి. పిస్టన్ రింగులు అరిగినా, ఇంధనం చిమ్మే నాజిల్ చెడినా ఈ పేరుకోలు అధికమవుతుంది. తర్వాత డ్రైవరు ఒక్కసారిగా శక్తి పెంచినప్పుడు, వేడి పొగ తాకిడికి ఆ పొర అంటుకొని, పెళ్ళలుగా ఊడి ఎగురుతుంది.

టర్బోచార్జర్ గల ఇంజన్లలో పొగ తన దారిలో వేగంగా తిరిగే చక్రపు రెక్కల గుండా పోవాలి. ఆ రెక్కలు మసి తునకలను చాలావరకు పొడి చేస్తాయి. 1962 నుంచి మన దేశంలో విస్తారంగా నడిచిన డబ్ల్యూడీఎం-2 ఇంజను ఈ తరగతికి చెందినదే. టర్బో లేని యంత్రాలకు ప్రత్యేకంగా రవ్వల నిరోధకం అవసరం. పొగను గుండ్రంగా తిప్పి, బరువైన కణాలను అంచుకు విసిరి, ఒక అరలో పట్టే నిరోధకం ఒక రకం. సన్నని జల్లెడ మరొక రకం. అమెరికా అటవీశాఖ ప్రమాణం ప్రకారం నిరోధకం కనీసం 80 శాతం కణాలను పట్టాలి లేదా నాశనం చేయాలి. జల్లెడ కన్నం సుమారు 0.6 మిల్లీమీటరుకు మించరాదు. నూటికి నూరు కోరకపోవడాన్ని గమనించాలి. మిగిలిన ఇరవై పాళ్ళ కోసమే తక్కిన కాపలాలు.

రవ్వ చక్రానికి దిగింది

2025 నాటికి భారతీయ బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 98 శాతం పైగా విద్యుదీకరణ పూర్తయింది. విద్యుత్ ఇంజనుకు పొగగొట్టమే లేదు. అయినా రైలు వెంట రవ్వలు కనిపిస్తూనే ఉన్నాయి. అవి పొగగొట్టం నుంచి దిగి చక్రం దగ్గరికి చేరాయి. వ్యాగన్ రిపేర్ షాపు వంటి కర్మాగారాల ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది.

బ్రేకు వేసినప్పుడు దిమ్మె చక్రాన్ని ఒరుసుకుంటుంది. బ్రేకు వదిలిన తర్వాత దిమ్మె వెనక్కు రావాలి. బ్రేకు సిలిండరో, గాలిని పంచే వాల్వో మొరాయించినా, బ్రేకు కడ్డీల పిన్నులు తుప్పుపట్టి బిగుసుకున్నా, బయలుదేరేముందు హ్యాండు బ్రేకు విప్పడం మరచినా దిమ్మె చక్రాన్ని వదలదు. దీన్నే రైల్వేవారు బ్రేక్ బైండింగ్ అంటారు. అలా కిలోమీటర్ల కొద్దీ ఈడ్చుకుపోతే చక్రమూ దిమ్మె ఎర్రగా కాగి, ఇనుప కణాలు రవ్వలుగా గడ్డిలోకి చిమ్ముతాయి. పాత పోత ఇనుప దిమ్మెల స్థానంలో మిశ్రమ పదార్థపు దిమ్మెలు రావడంతో ఈ బెడద కొంత తగ్గింది.

మరొక చోటు ఇరుసు. పూర్వపు వ్యాగన్లలో ఇరుసు కొస ఇత్తడి బేరింగులో తిరిగేది. దానికి నూనె అందించడానికి నూనెలో తడిపిన దూది పీచు కుక్కేవారు. నూనె ఎండితే ఇరుసు వేడెక్కి ఆ పీచే అంటుకునేది. 1980ల తొలినాళ్ళ నుంచి వచ్చిన బాక్స్ఎన్ వ్యాగన్లలో రోలర్ బేరింగులు, గాలి బ్రేకులు అమరాయి. అయినా గ్రీజు చెడిన రోలర్ బేరింగు కూడా వేడెక్కుతుంది, ఇరుసును కోసివేస్తుంది కూడా.

కాబట్టి రాయపూర్‌లో గాని, మన రాయనపాడు వద్ద గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపులో గాని ఒక కార్మికుడు చక్రాన్ని లేతులో సరిచేసి, బేరింగును పరీక్షించి, బ్రేకు వేసి వదిలి దిమ్మె వెనక్కు వచ్చిందా అని చూసే పని కేవలం మరమ్మతు కాదు. అతడు ఎన్నడూ చూడని ఊరిలో, ఎన్నడూ ఎరుగని రైతు గడ్డివామును అతడు కాపాడుతున్నాడు. మంట లేవని చోట ఎవరూ పొగడరు. నివారణకు సాక్ష్యం ఉండదు. అదే ఆ పనిలోని కష్టం, ఘనత కూడా.

కర్మాగారం దాటిన తర్వాత కంటి కాపలా మొదలవుతుంది. స్టేషను గుండా రైలు పోయేటప్పుడు సిబ్బంది నిలబడి పచ్చజెండా చూపడం మర్యాద కోసం కాదు. పొగ, రవ్వలు, వేడెక్కిన ఇరుసు, వేలాడే భాగం ఏదైనా కనిపిస్తే ఎర్రజెండా చూపడానికే వారక్కడ ఉంటారు. గేటు వద్ద గేట్‌మన్ చేసే పనీ ఇదే. ఇప్పుడు పట్టాల పక్కన అమర్చిన పరికరాలు కూడా, పోతున్న ఇరుసు పెట్టెల వేడిని కొలిచి హెచ్చరిస్తున్నాయి.

మూడవ కాపలా పొలం గట్టున

మొదటి రెండింటినీ తప్పించుకొని వచ్చిన రవ్వ పచ్చి మట్టిపై పడితే చచ్చిపోతుంది, ఎండుగడ్డిపై పడితే బతుకుతుంది. అందుచేత వేసవికి ముందే పట్టాల వెంట గడ్డి కోసి, పొదలు నరికి, నేలను బోసిగా ఉంచడం మూడవ కాపలా. అడవుల్లో దీన్నే అగ్నిరేఖ అంటారు. కోసిన గడ్డిని అక్కడే కుప్పగా వదిలితే పని సగమే అయినట్లు. ఆ కుప్పే తర్వాత వత్తి అవుతుంది.

పట్టాలకు సమీపంలో సాగు చేసేవారికి కొన్ని సూచనలు ఉపకరిస్తాయి. గడ్డివామును పట్టాల వైపు గాక ఊరి వైపు, గాలివాటం చూసి వేసుకోవాలి. కోతలయ్యాక రైలు హద్దు వెంట నాలుగైదు చాళ్ళు దున్ని మట్టి పైకి తీస్తే, నేల మీద పాకే మంటకు అదే గట్టు. దుబ్బులను కాల్చే అలవాటు మానాలి. రైల్వే హద్దులో చెత్త తగలబెట్టడం మరీ ప్రమాదం. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాల్చే ఆచారం ఉన్న ప్రాంతాల్లో ఊడ్చి ఏరుకోవడం క్షేమం. ప్రయాణికులు బీడీ, సిగరెట్టు బయటికి విసరరాదు. పోతున్న బండి చక్రాల వద్ద పొగ గాని రవ్వలు గాని చూసినవారు వెంటనే దగ్గరి గేటుకో, స్టేషనుకో, 139 నంబరుకో తెలియజేయాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని సామెత. రైలుదారి మంటల విషయంలో బావి ముందే తవ్వి ఉంచడం అంటే పెద్ద యంత్రాలను సమకూర్చుకోవడం కాదు. పుట్టే చోట శుభ్రమైన ఇంజను, వదలవలసినప్పుడు వదిలే బ్రేకు. ఎగిరే చోట పూడని జల్లెడ, తప్పిపోని చూపు. వాలే చోట నాలుగు చాళ్ళ బోసినేల. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. మూడూ కలిసినప్పుడు రవ్వ గాలిలోనే చల్లారుతుంది, రైలు సాగిపోతుంది, రైతు నిశ్చింతగా నిద్రపోతాడు.